రాతి గోడలు చెప్పే సామాన్య చరిత్ర: ఇంగ్లీషు రైతు ఇల్లు, చిక్కడపల్లి – నారాయణగూడ – అశోక్‌నగర్ పాత ఇళ్ళు

ఉపోద్ఘాతం

హైదరాబాదు వాస్తు చరిత్ర మీద వెలువడిన రచనల్లో అధికభాగం చార్మినారు, కుతుబ్ షాహీ సమాధులు, చౌమహల్లా, ఫలక్‌నుమా, బ్రిటిష్ రెసిడెన్సీ వంటి ఘనకట్టడాలకే పరిమితమైంది. పాలకుల ఆశయాలు, శిల్పుల పేర్లు, ఖర్చుల లెక్కలు దొరికే కట్టడాలు కావడం వల్ల చరిత్రకారుల దృష్టి వాటి మీద నిలవడం సహజమే. అయితే నగర జనాభాలో అత్యధికులు నివసించిన ఇళ్ళను గురించిన శాస్త్రీయ పరిశీలన ఇప్పటికీ తొలిదశలోనే ఉంది. మూసీ ఉత్తరపు ఒడ్డున పెరిగిన నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ బస్తీల్లోని పాత రాతి ఇళ్ళు ఇందుకు ఉదాహరణ. అవి చారిత్రక ఆధారాలుగా గుర్తింపు పొందకముందే నేలమట్టమవుతున్నాయి.

ఇంగ్లండులో కూడా ఒకప్పుడు ఇదే పరిస్థితి ఉండేది. కేథడ్రళ్ళకు, కోటలకు, ప్రభువుల భవనాలకు దక్కిన గౌరవం రైతు కట్టుకున్న రాతి ఇంటికి దక్కలేదు. పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో మొదలై ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి ఆ దృష్టి మారింది. ఆ మార్పు ఎలా వచ్చింది, ఆ క్రమంలో రూపొందిన పరిశీలనా పద్ధతి హైదరాబాదు ఇళ్ళకు ఎంతవరకు వర్తిస్తుంది, ఎక్కడ వర్తించదు అన్నవి ఈ వ్యాసంలో చర్చనీయాంశాలు.

పదం, పరిధి

నేటి హైదరాబాదు వాడుకలో 'ఫామ్‌హౌస్' అంటే నగరం వెలుపల సంపన్నులు సెలవు దినాల్లో గడిపే విడిది. ఇంగ్లీషు గ్రామీణ చరిత్రలో ఆ పదానికి అర్థం వేరు. అది సాగుదారు కుటుంబంతో సహా ఏడాది పొడవునా నివసించిన ఇల్లు. ధాన్యం, పాడి, పనివారు, పశువులు అన్నీ దాని చుట్టూనే ఉండేవి. ఇంటి యజమాని ప్రభువూ కాదు, కూలీ కూడా కాదు. సొంత భూమినో కౌలు భూమినో సాగుచేసుకునే మధ్యశ్రేణి రైతు. ఈ మధ్యశ్రేణి స్వభావమే ఈ తులనకు ఆధారం. నారాయణగూడ, చిక్కడపల్లి ఇళ్ళు కూడా నవాబుల దేవిడీలు కావు, శ్రామికుల గుడిసెలు కావు. ఉద్యోగులు, వకీళ్ళు, ఉపాధ్యాయులు, చిన్న వర్తకులు కట్టుకున్నవి. వృత్తులు వేరైనా, సమాజంలో ఒక నడిమి తరగతి తన స్థిరత్వాన్ని రాయిలో ప్రకటించుకున్న తీరు రెండుచోట్లా కనబడుతుంది.

కెల్మ్‌స్కాట్: ఒక రైతు ఇంటి ప్రస్థానం

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, థేమ్స్ నది ఎగువ తీరాన కెల్మ్‌స్కాట్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ 1600 ప్రాంతంలో టర్నర్ అనే రైతు కుటుంబం స్థానిక సున్నపురాతితో ఒక ఇల్లు కట్టుకుంది. పదిహేడో శతాబ్దం ద్వితీయార్ధంలో ఈశాన్య దిశగా మరొక భాగం చేరింది. నేడు దానిని 'కెల్మ్‌స్కాట్ మేనర్' అని పిలుస్తున్నప్పటికీ మొదట అది రైతు ఇల్లే. ఆ పేరు తర్వాతికాలంలో వచ్చింది.

1871లో కవి, రూపశిల్పి విలియం మోరిస్, చిత్రకారుడు రోసెట్టి కలిసి ఈ ఇంటిని అద్దెకు తీసుకున్నారు. శిల్పి పేరు లేని ఈ ఇంట్లో మోరిస్‌కు గొప్ప భవనాల్లో కనిపించని గుణం కనిపించింది. చుట్టుపక్కల దొరికిన రాయి, ఊరి పనివారి నైపుణ్యం, ఇంట్లోవారి అవసరం ఈ మూడూ కలిసి ఇంటి రూపాన్ని నిర్ణయించాయి. కప్పు మీది రాతి పెంకులు చూరు దగ్గర పెద్దవిగా ఉండి, పైకి పోనుపోను చిన్నవవుతాయి. బరువైన పెంకులను గోడకు దగ్గరగా ఉంచి, కప్పు కొనకు చేరేకొద్దీ భారం తగ్గించడం పనివారి అనుభవజ్ఞానం. ఈ అమరికను మోరిస్ ప్రశంసిస్తూ రాశాడు.

1877లో మోరిస్ తదితరులు ప్రాచీన భవన సంరక్షణ సంఘాన్ని స్థాపించారు. ఆనాడు 'పునరుద్ధరణ' పేరుతో పాత కట్టడాల తర్వాతి చేర్పులను తొలగించి, ఊహించిన తొలిరూపాన్ని కొత్తగా కట్టే అలవాటు ప్రబలి ఉండేది. సంఘం దానిని వ్యతిరేకించింది. భవనంలోని ప్రతి కాలపు పొరా ఆధారమేనని, ఎప్పటికప్పుడు చేసే చిన్న మరమ్మతే నిజమైన రక్షణ అని వాదించింది. మోరిస్ 1896లో మరణించాడు. ఆ ఇల్లు 1962లో లండన్‌లోని పురావస్తువేత్తల సంఘం ఆధీనంలోకి వచ్చింది. నేడు అది అత్యున్నత శ్రేణి రక్షిత భవనం.

ఈ ఆలోచనాధారకు తెలుగు సాహిత్య చరిత్రతో ఒక పరోక్ష సంబంధం కూడా ఉంది. మోరిస్ భావాలతో ప్రభావితుడైన ఆనంద కుమారస్వామి ఇంగ్లండులోని కాట్స్‌వోల్డ్ ప్రాంతంలో, బ్రాడ్ కాంప్డెన్ గ్రామంలో ఒక పాత రాతి కట్టడాన్ని నివాసంగా మార్చుకుని కొంతకాలం ఉన్నాడు. ఆ కుమారస్వామితో కలిసి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. అది 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడింది. దేశీయ పనితనాన్ని కళగా గుర్తించాలన్న ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. దానిని ఇళ్ళకు అన్వయించడమే జరగలేదు.

రాయి నిర్ణయించిన రూపం

ఇంగ్లండులో డార్సెట్ నుంచి కాట్స్‌వోల్డ్ మీదుగా లింకన్‌షైర్ దాకా సున్నపురాయి పట్టీ ఒకటి సాగుతుంది. ఈ రాయి గని నుంచి తీసినప్పుడు మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది. గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే అక్కడి రైతు ఇళ్ళలో కిటికీని భాగాలు చేసే రాతి నిలువు కమ్మీలు, కిటికీ మీద వాన నీటిని పక్కకు మళ్ళించే రాతి అంచులు, చక్కగా చెక్కిన మూల రాళ్ళు సాధారణం.

నైరుతి ఇంగ్లండులోని డార్ట్‌మూర్‌లో పరిస్థితి వేరు. అక్కడిది నల్లరాతి జాతి గ్రానైటు. అది ఉలికి సులభంగా లొంగదు కనుక అలంకారం తక్కువ, గోడ మందం ఎక్కువ. అక్కడి 'లాంగ్‌హౌస్' ఒకే పొడవాటి కప్పు కింద మనుషులకు, పశువులకు చోటిచ్చేది. ఏటవాలు నేలపై ఎగువన కుటుంబం, దిగువన పశువులు, రెండింటి మధ్య ఇంటిని అడ్డంగా దాటే నడవ. హయ్యర్ అప్పకాట్ అనే ఇల్లు ఈ కోవకు చెందిన ప్రసిద్ధ ఉదాహరణ. ఆ ప్రాంతంలో రాయిని చీల్చిన గుర్తులే కాలనిర్ణయానికి తోడ్పడతాయి. 1800 ప్రాంతానికి ముందు మేకులకోసం పొడవాటి గాళ్ళు తొలిచేవారు. ఆ తర్వాత గుండ్రటి రంధ్రాలు వేసే పద్ధతి వ్యాపించింది.

హైదరాబాదు రాతి ఇంటికి భూగర్భశాస్త్రరీత్యా దగ్గరి బంధువు కాట్స్‌వోల్డ్ ఇల్లు కాదు, డార్ట్‌మూర్ ఇల్లు. దక్కను గ్రానైటు కూడా మొండి రాయే. వడ్డెర పనివారు బండను మంటతో వేడిచేసి పొరలుగా లేపి, మేకులు దిగగొట్టి చీల్చేవారు. సామాన్యుడి ఇంట్లో ఆ రాయికి నగిషీ పెట్టే స్తోమత ఉండదు. అందువల్ల రాయిని మోటుగానే పేర్చి, అలంకారమంతటినీ గచ్చు పూతలో చూపించారు. కమానుల అంచులు, పిట్టగోడ మీది పూలతీగలు, ఇంటి పేరు, కట్టిన సంవత్సరం అన్నీ గచ్చులోనే. సున్నపురాతి దేశంలో రాయి మీదే కనిపించే పనితనం గ్రానైటు దేశంలో పూత మీదకు మారింది. ఆ పూతను గీకివేసి లోపలి రాయిని బయటపెట్టే నేటి అలవాటు ఇంటి ఆధారాన్ని తుడిచివేయడంతో సమానం. పందొమ్మిదో శతాబ్దంలో మోరిస్ బృందం నిరసించింది సరిగ్గా ఈ గీకుడునే.

గోడ లోపలి నిర్మాణంలో మాత్రం సామ్యం ఎక్కువ. రెండుచోట్లా గోడకు రెండు ముఖాలు, నడుమ చిన్న రాళ్ళు, సున్నం. అక్కడక్కడ రెండు ముఖాలను కలిపే పొడవాటి రాళ్ళు. హైదరాబాదులో గానుగలో నూరిన డంగు సున్నం వాడేవారు. పూత సున్నంలో బెల్లం, కరక్కాయ నీరు కలపడం దక్కనులో పరిపాటి. సున్నపు గోడలో తేమ రాతి గుండా కాక అతుకుల గుండా బయటికి పోతుంది. ఆ అతుకులను సిమెంటుతో మూసివేస్తే తేమ లోపలే నిలిచి, ఇంటి లోపలి పూత రాలుతుంది.

'మహా పునర్నిర్మాణం': ఒక వాదం, దాని విమర్శ

రైతు ఇంటిని చరిత్రాధారంగా నిలబెట్టినవారిలో డబ్ల్యు.జి. హాస్కిన్స్ ముఖ్యుడు. 1570 – 1640 మధ్య ఇంగ్లండు గ్రామీణ ప్రాంతాల్లో ఇళ్ళు పెద్దయెత్తున పునర్నిర్మితమయ్యాయని ఆయన 1953లో ప్రతిపాదించాడు. ధరలు పెరిగి, కౌలు స్థిరంగా ఉండడంతో రైతు చేతిలో మిగులు ఏర్పడింది. ఆ మిగులు ఇంటిలోకి ప్రవహించింది. నడిగదిలో నేల మధ్య మండే పొయ్యి స్థానంలో గోడకు ఆనుకున్న పొగగొట్టం వచ్చింది. పొగ పోయే దారి ఏర్పడ్డాక నడిగదికి అటక వేయడం సాధ్యమైంది. దానితో పై అంతస్తు, పడకగదులు, ఏకాంతం ఏర్పడ్డాయి. ఒక సాంకేతిక మార్పు కుటుంబ జీవితాన్ని ఎలా మార్చిందో ఈ వాదం స్పష్టం చేసింది.

ఆర్. మాచిన్ 1977లో దీనిని పునఃపరీక్షించాడు. ఇళ్ళ మీద చెక్కిన సంవత్సరాలను లెక్కించి, పునర్నిర్మాణం ఒకే అలగా రాలేదని, ప్రాంతాన్ని బట్టి వేర్వేరు కాలాల్లో పలుమార్లు జరిగిందని చూపాడు. ఒకే కారణంతో, ఒకే కాలంలో మార్పు వచ్చిందనే సౌకర్యవంతమైన కథనాన్ని స్థానిక ఆధారాలు నిలవనివ్వవు. హైదరాబాదు విషయంలో ఈ హెచ్చరిక అత్యవసరం.

మూసీ ఉత్తరపు ఒడ్డు: ఒకే వరద కథనానికి పరిమితులు

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదతో పాత నగరం అతలాకుతలమైంది. 1912లో నగర అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉత్తరపు ఒడ్డు బస్తీలన్నీ ఈ వరద ఫలితమేనన్న అభిప్రాయం బాగా వ్యాపించింది. ఇది పాక్షిక సత్యం మాత్రమే.

వరదకు వందేళ్ళ ముందే ఉత్తరపు ఒడ్డున బలమైన కేంద్రాలు ఏర్పడ్డాయి. 1803లో కిర్క్‌పాట్రిక్ కాలంలో రెసిడెన్సీ నిర్మాణం మొదలైంది. దాని చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజారులు 1933 దాకా బ్రిటిష్ పాలనలోనే ఉన్నాయి. 1874లో రైలు మార్గం వచ్చింది. 1916లో కాచిగూడ స్టేషను వెలసింది. అంటే నారాయణగూడకు దక్షిణాన, తూర్పున ఉన్న ఆకర్షణ కేంద్రాలు కొన్ని వరదకు ముందువి, కొన్ని తర్వాతివి.

మరొక అల విద్యాసాంస్కృతికమైనది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో రెడ్డి హాస్టలు, 1926లో గోలకొండ పత్రిక, 1928లో మాడపాటి హనుమంతరావు చొరవతో నారాయణగూడ బాలికల పాఠశాల, 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వెలిశాయి. సుల్తాన్ బజారు, బొగ్గులకుంట, నారాయణగూడల నడుమ నడకదూరంలో తెలుగు విద్యావంతుల ప్రపంచం ఒకటి ఏర్పడింది. ఆడపిల్ల బడికి నడిచి వెళ్ళగల దూరంలో ఇల్లుండాలన్న కోరిక నివాస స్థల నిర్ణయంలో చిన్న కారణం కాదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు తర్వాత ఉద్యోగుల రాకతో మరొక అల వచ్చింది. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ ఈ దశకు గుర్తులు.

భూమి స్వభావం కూడా గమనించదగినది. 1562 ప్రాంతంలో నిర్మితమైన హుస్సేన్‌సాగర్ మిగులు నీటి కాలువ దోమలగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి మీదుగా మూసీ వైపు సాగుతుంది. కాలువ పల్లంలో ఉన్న ఇంటికి ఎత్తయిన రాతి పీఠం అవసరం. మెరక మీది ఇంటికి ఆ అవసరం తక్కువ. ఒకే బస్తీలో పీఠాల ఎత్తు మారడానికి యజమాని హోదా ఒక్కటే కారణం కాకపోవచ్చునని పరిశోధకులు గుర్తించాలి.

ఇంటి అమరిక: పొయ్యి చుట్టూ, నీడ చుట్టూ

ఇంగ్లీషు రైతు ఇంటి అమరికను నిర్ణయించింది చలి. అందుకే పొయ్యి ఎక్కడున్నదన్నది దాని ప్రణాళికను చదవడానికి తాళంచెవి. హైదరాబాదు ఇంటిని నిర్ణయించింది ఎండ. ఇక్కడ చూడవలసింది నీడ ఎటునుంచి వచ్చిందన్నది. పాత ఇళ్ళలో ముందు దాలాను లేదా వరండా, దాని వెనుక కూర్చునే గది, ఇరుపక్కల అర్రలు, వెనుక వంటిల్లు, దూరంగా స్నానాల గది, బావి సాధారణంగా కనిపించే క్రమం. తెలంగాణ పల్లెలోని భవంతి ఇంటి నడిమి వాకిలి నగరపు చిన్న స్థలంలో కుదించుకుపోయి వెనుక పెరడుగా మారింది. బంగళా నుంచి వచ్చిన ముందు వరండా దానికి తోడైంది. అంటే ఈ ఇల్లు ఇంగ్లీషు ఇంటికి నకలు కాదు. పల్లె భవంతి, దక్కను దేవిడీ, వలస బంగళా మూడూ కలిసిన రూపం.

ఇంగ్లీషు ఇంటిని పొగగొట్టం మార్చినట్లు, హైదరాబాదు ఇంటిని ఇనుప గర్డరు మార్చింది. టేకు దూలాల మీద సన్నని ఇటుకలు పేర్చి, పైన సున్నపు కాంక్రీటు వేసే మద్రాసు మిద్దెలో గది వెడల్పును దూలం పొడవు నిర్ణయించేది. గర్డర్ల నడుమ ఇటుక కమానులో షాబాదు బండలో పరిచే పద్ధతి వచ్చాక గది విశాలమైంది, డాబా దృఢమైంది. వేసవి రాత్రులు కుటుంబమంతా డాబా మీద నిద్రించే అలవాటుకు ఇది అనుకూలించింది. నేలకు వాడిన షాబాదు బండ నిజాం రాజ్యంలోని గుల్బర్గా జిల్లాది. అదే షాబాదులో సిమెంటు కర్మాగారమూ వెలసింది. 1936లో ఏర్పడిన ఏ.సి.సి.లో విలీనమైన సంస్థల్లో షాబాదు సిమెంటు కంపెనీ ఒకటి. రాతి ఇంటికి నేలనిచ్చిన ఊరే, దాని స్థానాన్ని ఆక్రమించిన సిమెంటునూ అందించింది. 1934 – 39 మధ్య కట్టిన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాలలో గ్రానైటు పనితనం శిఖరాన్ని అందుకుంటున్న వేళకే, చిన్న ఇళ్ళు రాతిని వదిలి సిమెంటు వైపు మళ్ళడం ఆరంభమైంది.

రక్షణ, వాడుక

ఇంగ్లండులో 1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం తర్వాత రక్షిత భవనాల జాబితా క్రమబద్ధమైంది. నేడు అందులో సుమారు నాలుగు లక్షల నమోదులున్నాయి. వాటిలో నూటికి తొంభైకి పైగా రెండవ శ్రేణివి. సామాన్య ఇళ్ళు అధికంగా ఉన్నది ఆ శ్రేణిలోనే.

హైదరాబాదులో నగరాభివృద్ధి సంస్థ నియమావళిలో 1995లో చేరిన 13వ నిబంధన కొన్ని కట్టడాలకు రక్షణ కల్పించింది. 2015లో ఆ నిబంధన రద్దయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019 సెప్టెంబరులో ఇర్రం మంజిల్ కూల్చివేత నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేసింది. ఈ చర్చలన్నిటికీ కేంద్రం ప్రాసాదాలే. నారాయణగూడలోని ఒక ఉపాధ్యాయుడి ఇల్లు వీటి పరిధిలోకి రాలేదు.

ఇందుకు యజమానులను నిందించడం న్యాయం కాదు. అన్నదమ్ముల నడుమ పంపకమైన ఇంటిని నిలుపుకోవడం కంటే నిర్మాతకు అప్పగించి తలా ఒక ఫ్లాటు పొందడం వారికి లాభదాయకం. రాతి ఇంటిని నిలుపుకున్నవారికి సమాజం ఇచ్చే ప్రతిఫలం లేదు. చట్టం మాత్రమే చాలదనడానికి ఇంగ్లండే సాక్ష్యం. అక్కడ గోడలు నిలిచాయి. కానీ అనేక గ్రామాల్లో రైతు ఇళ్ళు నగర సంపన్నుల విడిదులుగా మారి, సాగుదారుల కుటుంబాలకు అందని ధరకు చేరాయి. అశోక్‌నగర్, చిక్కడపల్లిలలో దీనికి విరుద్ధమైన స్థితి ఉంది. పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాల వల్ల జిల్లాల నుంచి వచ్చిన యువకులకు పాత ఇళ్ళు హాస్టళ్ళుగా, పఠన మందిరాలుగా మారాయి. కూర్చునే గదిని ప్లైవుడ్ చెక్కలతో అరలుగా విభజించారు. వాస్తు దృష్టితో చూస్తే ఇది వికృతి. సాంఘిక చరిత్ర దృష్టితో చూస్తే, చదువు కోసం ఏర్పడిన బస్తీ చదువుకే ఉపయోగపడుతున్న మరొక పొర. కొన్నిచోట్ల ఆ అద్దె వల్లనే ఇల్లు ఇంకా నిలిచి ఉంది. ప్రతి పొరా ఆధారమేనన్న సూత్రాన్ని అంగీకరిస్తే ఆ ప్లైవుడ్ అరలను కూడా నమోదు చేయవలసిందే.

పరిశోధకుల ముందున్న పని

ఇంగ్లీషు పరిశోధకులకు లభించిన గొప్ప ఆధారం, యజమాని మరణానంతరం గది గదికీ రాసిన ఆస్తి జాబితాలు. ఏ గదిని ఏమని పిలిచేవారో, అందులో ఏముండేదో వాటివల్ల తెలిసింది. తెలుగు కుటుంబాల్లో దానికి సమానమైనవి భాగపరిష్కార దస్తావేజులు. ఏ అర్ర పెద్దవాడికి, ఏ దాలాను ఉమ్మడికి, బావి నీటి హక్కు ఎవరికి అన్న వివరాలు వాటిలో ఉంటాయి. 1948కి ముందటి పత్రాలు అధికంగా ఉర్దూలో ఉంటాయి కనుక ఈ రంగంలో పనిచేసే తెలుగు పరిశోధకులకు ఆ లిపి పరిచయం అనివార్యం.

క్షేత్రస్థాయిలో నమోదు చేయవలసినవి: పీఠం ఎత్తు, కాలువ నుంచి దూరం, రాయి పరిమాణం, చీల్చిన గుర్తులు, అతుకులోని సున్నం లేదా సిమెంటు, కప్పు పద్ధతి, గచ్చులోని సంవత్సరం, పేరు, గదులను ఇంటివారు పిలిచే పేర్లు, తర్వాతి చేర్పులు. కొలతలతో కూడిన చిత్తు పటం, కుటుంబ పెద్దల వాంగ్మూలం దీనికి తోడు కావాలి. ఇంటి మీది సంవత్సరాలను బస్తీవారీగా క్రోడీకరిస్తే, ఈ ప్రాంతాన్ని వరద నిర్మించిందా, రైలు నిర్మించిందా, బడి నిర్మించిందా అన్న ప్రశ్నకు ఊహలతో కాక లెక్కలతో సమాధానం చెప్పవచ్చు. మాచిన్ చేసింది ఇంతే. ఒక పరిశోధక విద్యార్థి కొన్ని నెలల్లో చేయగల పని ఇది.

ముగింపు

కెల్మ్‌స్కాట్ ఇంటికి విలువ తెచ్చింది దాని రాయి కాదు. ఒక రైతు ఇల్లు కూడా పఠనీయమైన పత్రమేనన్న అంగీకారం. అటువంటి అంగీకారం హైదరాబాదులో ఏర్పడే నాటికి నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో చదవడానికి ఎన్ని ఇళ్ళు మిగులుతాయన్నది సందేహమే. అన్నిటినీ కాపాడడం సాధ్యం కాదు, అవసరమూ కాకపోవచ్చు. కాని కూలిపోయే ప్రతి ఇంటి పటాన్ని, పత్రాన్ని, ఇంటివారి మాటను ముందుగా భద్రపరచడం సాధ్యమే. ఇరవయ్యో శతాబ్దపు తెలంగాణ తెలుగు మధ్యతరగతి చరిత్రను పత్రికల నుంచి, సభల తీర్మానాల నుంచి ఇప్పటికే చాలావరకు రాసుకున్నాం. ఆ సభలకు వెళ్ళినవారు తిరిగివచ్చిన ఇళ్ళ నుంచి రాయవలసిన చరిత్ర మిగిలే ఉంది.